ఆ మూల అయిదుగురు

టీచర్ ట్రైనింగ్‌లో మా చేత మొట్టమొదట చేయించిన పని ఖాళీ గదిలో పలకలు పంచడం. ఎదురుగా పిల్లలు లేరు, పాఠం లేదు. నేల మీద సుద్దముక్కతో యాభై గళ్ళు గీసి ఉన్నాయి. ఒక్కో గడిలో ఒక పిల్లో పిల్లాడో కూర్చున్నట్టు అనుకోవాలి. మా సైకాలజీ మేడమ్ నా చేతిలో పలకల దొంతర పెట్టి, "అందరికీ అందాలి అమ్మాయ్, మొదలుపెట్టు" అని గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు.

నేను మొదటి గడి దగ్గరికెళ్ళి, వంగి ఒక పలక పెట్టాను. తర్వాత రెండోది. చేతిలోవి అయిపోతే బల్ల దగ్గరికొచ్చి ఇంకో దొంతర తీసుకెళ్ళాను. అన్నీ పెట్టేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. నడుం పట్టేసింది. "ఒకళ్ళకి పలక ఇస్తున్నంతసేపూ మిగతా నలభై తొమ్మిది మంది ఏం చేస్తుంటారు?" అని అడిగారావిడ. నాకు జవాబు తోచలేదు. గిల్లుకుంటారు, ఎవరి పలక కొత్తదో చూసుకుని కొట్టుకుంటారు, ఒకడు లేచి కిటికీ దగ్గరికి పోతాడు. అవన్నీ తర్వాత నా కళ్ళతో చూశాను. ఆ రోజు మాత్రం ఖాళీ గడుల వైపు చూస్తూ ఊరుకున్నాను.

అది 1992. కృష్ణా జిల్లా అంగలూరు డైట్, అంటే జిల్లా విద్యా శిక్షణా సంస్థ. 1986 జాతీయ విద్యా విధానం వచ్చాక జిల్లాకొకటి చొప్పున డైట్‌లు పెట్టారు కదా, అలాంటిదే మాది కూడా. ఇంటర్ అయ్యాక ఎంట్రన్స్ రాసి టీటీసీ సీటు తెచ్చుకున్న పద్దెనిమిదేళ్ళ పిల్లని నేను. గుడివాడలో నలుగురం కలిసి ఒక గది తీసుకున్నాం. పొద్దున్నే అన్నం వండుకుని, క్యారేజీలు కట్టుకుని బస్సెక్కేవాళ్ళం. దారికి రెండు వైపులా వరి చేలు. వానాకాలంలో కిటికీలోంచి బురద వాసన, కోతలప్పుడు గడ్డి వాసన. బస్సులో సీటు దొరికితే రికార్డులు రాసుకునేవాళ్ళం, దొరక్కపోతే నిలబడే ఒకరికొకరు పాఠ్య పథకం అప్పజెప్పుకునేవాళ్ళం. కండక్టరు గారికి కూడా ఆ పథకంలోని మెట్లు, ఉన్ముఖీకరణ, శీర్షికా ప్రకటన, పునశ్చరణ అన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయి.

పలకల సంగతికొస్తే, వారం రోజులు అదే పని చేయించారు. వరసలో మొదటి గడి దగ్గర పది పలకలు పెడితే వెనక్కి వాళ్ళే అందించుకుంటారు. ఏ వరసకెన్ని కావాలో ముందే లెక్కపెట్టి ఉంచుకుంటే బల్ల దగ్గరికి పదే పదే రానక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, చేయాల్సిన పనేంటో పలకలు ఇవ్వకముందే చెప్పేయాలి. "పలక చేతికొచ్చిందంటే ఇక చెవి పనిచెయ్యదు" అనేవారు మేడమ్. వారం తిరిగేసరికి తొమ్మిది నిమిషాల పని నిమిషంన్నరకి దిగింది. అప్పుడు గానీ మమ్మల్ని స్కూలు వైపు కదలనివ్వలేదు.

తరగతి గది నిర్వహణ అని మా సైకాలజీ పుస్తకంలో ఒక పాఠం ఉండేది. క్రమశిక్షణ రకాలు, నిరంకుశ ఉపాధ్యాయుడు, ప్రజాస్వామిక ఉపాధ్యాయుడు, ఇద్దరి మధ్య భేదాలు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఖాయం. అందరం బట్టీ పట్టాం. కానీ అసలు నిర్వహణ అంటే ఏంటో నాకు తెలిసింది ఆ పాఠంలోంచి కాదు. పలకల దగ్గర, చీటీల దగ్గర, ఆ తర్వాత ఒక బొమ్మ దగ్గర.

చీటీల గురించి చెప్పాలి. మైక్రో టీచింగ్ అని ఉండేది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1960ల్లో పుట్టిన పద్ధతి. మన దేశంలో దాన్ని 36 నిమిషాల చక్రంగా చేశారు. 6 నిమిషాలు పాఠం చెప్పాలి, 6 నిమిషాలు లోటుపాట్లు వినాలి, 12 నిమిషాల్లో మళ్ళీ రాసుకోవాలి, 6 నిమిషాలు మళ్ళీ చెప్పాలి, ఇంకో 6 నిమిషాలు మళ్ళీ వినాలి. ఒకసారికి ఒకటే నైపుణ్యం. ప్రశ్నలడగడమైతే ప్రశ్నలడగడమే, నల్లబల్ల రాతైతే నల్లబల్ల రాతే. పిల్లల స్థానంలో మా తోటివాళ్ళే కూర్చునేవాళ్ళు. రేపు వాళ్ళ వంతు వస్తుంది కాబట్టి ఎవరూ కదిలేవాళ్ళు కాదు, మెదిలేవాళ్ళు కాదు. ప్రతి ప్రశ్నకీ చేతులెత్తేవాళ్ళు. పాఠాలన్నీ నూనె రాసినట్టు జారిపోయేవి.

రెండు రోజులు చూసి మేడమ్ మూడో రోజు మడతపెట్టిన చీటీలు తెచ్చి, పాఠం చెప్పేవాళ్ళకి తప్ప అందరికీ పంచారు. ఎవరి చీటీలో ఏముందో వాళ్ళకే తెలుస్తుంది. "నీ బలపం విరిగింది." "నీ పక్కవాడు గిల్లాడు." "నీకు ఒంటేలుకి వెళ్ళాలనుంది." "నువ్వు పొద్దున్న ఏమీ తినలేదు." ఇంక చూడండి, గది గదిలా లేదు. ఒకమ్మాయి "టీచర్, ఒంటేలుకి" అంటే చీటీలో లేనివాళ్ళు కూడా ఇద్దరు లేచారు. ఆ రోజు నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి అందరికీ. నా స్నేహితురాలొకతి మాత్రం అసలేం మాట్లాడకుండా పుస్తకం వంక చూస్తూ కూర్చుంది. నా పాఠం అయ్యాక మేడమ్ ఆ చీటీ చదవమన్నారు. "నీకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పవు" అని ఉంది అందులో. నేను పాఠం మొత్తంలో ఒక్కసారి కూడా ఆ అమ్మాయి వైపు చూడలేదు. అల్లరి చేసినవాళ్ళతోనే నా ఆరు నిమిషాలూ అయిపోయాయి.

అప్పట్లో బ్రిటన్ ఆర్థిక సాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడిచేది, ఏపీపీఈపీ. దాని ఆరు సూత్రాలు మాకు డైట్‌లో నూరిపోశారు. కృత్యాలు టీచరే తయారు చేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, విడివిడిగానూ జట్లుగానూ తరగతంతా కలిసీ పనిచేయించాలి, పిల్లల మధ్య తేడాలు గమనించాలి, ఊళ్ళో దొరికే వాటినే వాడాలి, పిల్లలు చేసినవి గదిలో అందంగా పెట్టాలి. ఈ ఆరూ మంచివే. ఆ రోజుల్లో ఏ ప్రైమరీ స్కూలుకి వెళ్ళినా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక పురికొస, దానికి పిల్లల బొమ్మలు గుచ్చి కనిపించేవి. కానీ జట్లుగా కూర్చోబెట్టమంటే కూర్చోబెట్టడానికే సగం పీరియడ్ పోతోందని చాలామంది టీచర్లు వాపోయేవాళ్ళు. వాళ్ళని తప్పుపట్టను. జట్లు చేయమని చెప్పినవాళ్ళు ఉన్నారు, యాభై మందిని గోల లేకుండా జట్లుగా లేపి కూర్చోబెట్టడం ఎలాగో పక్కన నిలబడి చూపించినవాళ్ళు తక్కువ.

టీచింగ్ ప్రాక్టీస్ సంక్రాంతి సెలవులకి ముందు పడింది. దగ్గర్లోని ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూలు. నాకిచ్చింది మూడో తరగతి, 48 మంది. అందులోనూ మధ్యాహ్నం మొదటి పీరియడ్. అప్పటికింకా బళ్ళో భోజనం లేదు. పిల్లలు ఇళ్ళకెళ్ళి తినొచ్చేవాళ్ళు, కొంతమంది తినకుండానే తిరిగొచ్చేవాళ్ళు. కోతలు నడుస్తున్నాయి, పెద్దవాళ్ళంతా చేలల్లో. చంటి తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చంకనేసుకుని బడికొచ్చే ఆడపిల్లలు ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు.

మొక్కల పాఠం. వేప కొమ్మ, తులసి, చేలో పీకిన గడ్డి దుబ్బు వేరుతో సహా, అన్నీ పట్టుకెళ్ళాను. గుడివాడలో కొత్త రోలప్ బోర్డు కొనుక్కున్నాను, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. దాన్ని గోడకి తగిలించి ఎంత మురిసిపోయానో. పాఠం మొదలైన అయిదు నిమిషాలకి వెనక ఎడమ మూలలో గుసగుసలు మొదలయ్యాయి. పది నిమిషాలకి గోల. డస్టర్‌తో బల్ల మీద కొట్టాను. సుద్దపొడి లేచింది, గది గప్‌చిప్ అయింది. అరనిమిషం. మళ్ళీ మామూలే. మళ్ళీ కొట్టాను. ఈసారి నిశ్శబ్దం ఇంకా తక్కువసేపు ఉంది. మూడోసారి కొడితే ముందు వరసలో ఒక పిల్లాడు చెవులు మూసుకున్నాడు. వాడు పాపం మొదట్నుంచీ బుద్ధిగా కూర్చున్నవాడు. గొంతు చించుకుని పాఠం అయిందనిపించి బయటికొచ్చేసరికి నా చీర భుజమంతా సుద్ద.

మేడమ్ వెనక గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని పరిశీలన రాసుకుంటున్నారు. సాయంత్రం వేపచెట్టు కింద నన్ను కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం చేతిలో పెట్టారు. మాటలేమీ రాసి లేవు దాని మీద. ఒక బొమ్మ ఉంది. దీర్ఘచతురస్రం గది, పైన బోర్డు, కింద 48 చుక్కలు. బోర్డు దగ్గర్నుంచి ఒక గీత బయల్దేరి కుడివైపు మొదటి రెండు వరసల మధ్య అటూ ఇటూ తిరిగి తిరిగి పీచుమిఠాయిలా ముద్దయిపోయింది. అది నేను నడిచిన దారి. నేను ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆ పిల్లల చుక్క పక్కన ఒక టిక్కు పెట్టారు. లెక్కపెట్టుకున్నాను. 26 ప్రశ్నలు. అందులో 19 ముందు కూర్చున్న అయిదుగురికే. వెనక ఎడమ మూలలో అయిదు చుక్కలు విడిగా ఉన్నాయి. వాటి పక్కన ఒక్క టిక్కు లేదు. నా గీత అటు వైపు గది సగం కూడా దాటలేదు. కానీ ఆ అయిదు చుక్కల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "డస్టర్ - 3" అని రాశారు.

నా పాఠ్య పథకంలో పిల్లలు చేసే పనుల గడిలో ప్రతి వరసలోనూ "వింటారు, సమాధానాలు చెబుతారు" అని నీటుగా రాసుకున్నాను. ఆ కాగితం పక్కన ఈ కాగితం పెట్టి చూస్తే ఎంత సిగ్గేసిందో.

"వాళ్ళ పేర్లేంటి?" అన్నారు మేడమ్. తెలీదన్నాను. "రేపు నువ్వు పాఠం చెప్పొద్దు. వెళ్ళి ఆ మూల కూర్చో."

మర్నాడు మా స్నేహితురాలు పాఠం చెబుతుంటే, నా బోర్డే అరువిచ్చి, నేను వెళ్ళి ఆ మూల గోనెపట్టా మీద పిల్లల మధ్య కూర్చున్నాను. మొదట వాళ్ళు నాకు దూరంగా జరిగారు. కాసేపటికి ఒకడు నా గాజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను తలెత్తి బోర్డు వైపు చూశాను. బోర్డు తెల్లగా ఉంది. పడమటి కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ సరిగ్గా దాని మీద పడి, ఆ నిగనిగలాడే నల్లరంగంతా అద్దంలా మెరిసిపోతోంది. ఒక్క అక్షరం కనిపించడం లేదు. తల ఇటు వంచాను, అటు వంచాను. నా పక్కన కూర్చున్న పిల్లాడు సరిగ్గా నాలాగే తల వంచి చూసి, విసుగొచ్చి, పక్కవాడి వీపు మీద గడ్డిపరకతో గీతలు గీయడం మొదలుపెట్టాడు. నిన్న నేను గోల అనుకున్నది ఇదే. బోర్డు మీద ఏముందో ఒకడు ముందువాణ్ణి అడుగుతున్నాడు, వాడు చెబుతున్నాడు, అది ఇంకొకడికి తప్పుగా వినపడి మళ్ళీ అడుగుతున్నాడు.

స్కూలు గోడకి ఎప్పట్నుంచో ఉన్న పాత నల్లబల్ల మీద ఆ మెరుపు లేదు. నేను కొనుక్కొచ్చిన కొత్త బోర్డే వాళ్ళకి అడ్డమైంది.

ఆ సాయంత్రమే మేకు పీకి బోర్డుని ఎదురు గోడకి మార్చాం. మర్నాడు పాఠం మొదలుపెట్టే ముందు ఆ మూలకెళ్ళి కూర్చుని, అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాను. పేర్లు అడిగాను. నలుగురు చెప్పారు. అయిదో పిల్ల ఆ రోజు రాలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేది ఆ పిల్లే. వాడు ఏడిస్తే బయటికెళ్ళడానికి వీలుగా గుమ్మం పక్కన కూర్చునేది. వచ్చినప్పుడు వచ్చేది, లేనప్పుడు లేదు. ఆ పిల్ల పేరు కనుక్కోవాలనుకుంటూనే ఉన్నాను, ఈలోగా సంక్రాంతి సెలవులిచ్చేశారు. మా ప్రాక్టీస్ అయిపోయింది. కనుక్కోలేదు.

అంగలూరు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టిన ఊరు. పురాణాలనే నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి పుట్టిన ఊళ్ళో ట్రైనింగ్ అయినవాళ్ళు, పిల్లలు గట్టిగా ప్రశ్నడిగితే అల్లరి అనుకోకూడదని చివరి రోజు మేడమ్ మాకు చెప్పి పంపారు.

డీఎస్సీ రాసి 1996లో ఉద్యోగంలో చేరాను. కాలవ దాటి వెళ్ళాల్సిన ఒక చిన్న ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటే గది, అయిదు తరగతులు, 38 మంది పిల్లలు, నేను. ట్రైనింగ్‌లో నేర్చుకున్నవన్నీ ఒకటే తరగతికి సరిపోయేవి. ఇక్కడ నాలుగో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి వాళ్ళు అఆలు అరుస్తుంటారు, రెండో తరగతి పోట్లాడుకుంటుంది. మొదటి నెలలోనే చేతిలోకి చింతబరికె వచ్చింది. అది ఎప్పుడొచ్చిందో కూడా నాకు గుర్తులేదు. ఊళ్ళో ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టారు, నేను తీసి అవతల పెట్టలేదు.

ఒకరోజు రెండో తరగతి పిల్ల నాలుగో తరగతి వాడి నోట్సు చింపింది. లేచెళ్ళి చెంప మీద కొట్టాను. ఆ పిల్ల ఏడవలేదు. పలక సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, బడి వదిలేదాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. మర్నాడు రాలేదు. ఇంటికెళ్ళాను. వాళ్ళమ్మ చాట పక్కన పెట్టి లేచి, "కొడితే ఏముంది టీచరుగారండీ, చదువు కోసమేగా. ఇంకో నాలుగు తగిలించండి" అంది. కోప్పడుతుందనుకుని వెళ్ళినదాన్ని. ఆ మాట విన్నాక గట్టు మీద నడుస్తూ వస్తుంటే కాళ్ళు తడబడ్డాయి. ఆ పిల్ల చెంప మీద నా వేళ్ళ గుర్తులు ఇవాళ్టికీ నా కళ్ళ ముందున్నాయి.

ఇన్‌లాండ్ కవరు మీద మేడమ్‌కి ఉత్తరం రాశాను. జరిగిందంతా రాసి, ఈ ఉద్యోగం నా వల్ల కాదేమో అని కూడా రాశాను. పది రోజులకి జవాబొచ్చింది. ఓదార్పేమీ లేదు. "నువ్వు కొట్టడానికి ముందు ఆ పిల్ల ఎంతసేపట్నుంచి పని లేకుండా కూర్చుందో లెక్క చూశావా?" అని ఉంది. చూశాను. నేను ఇచ్చిన పది కూడికలూ చేసేసి ముప్పావుగంట ఖాళీగా కూర్చుంది. ముప్పావుగంట ఊరికే కూర్చోమంటే పెద్దవాళ్ళమైనా కూర్చుంటామా?

అప్పట్నుంచి నా పని తిరగబడింది. ఇంట్లో రాత్రిపూట పాఠం కంటే ముందు, ఎవరి పని ఎప్పుడు అయిపోతుంది, అయ్యాక వాళ్ళ చేతికి ఏం అందుతుంది అని రాసుకునేదాన్ని. పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి లెక్కల కార్డులు చేశాను. పని అయినవాళ్ళు నన్ను అడక్కుండా డబ్బాలోంచి కార్డు తీసుకోవచ్చు. ఒంటేలుకి వెళ్ళేవాళ్ళ కోసం గుమ్మానికి మేకు కొట్టి ఒక చెక్కముక్క తగిలించాను. అది తీసుకుని వెళ్ళాలి, తెచ్చి తగిలించాలి. చెక్క మేకుకి లేకపోతే ఎవరో బయటున్నట్టు, వాళ్ళు వచ్చేదాకా ఆగాలి. నన్ను అడగడం ఉండదు, ఒకళ్ళని చూసి ఇంకొకళ్ళు లేవడం ఉండదు. ఇంత చిన్న చెక్కముక్కతో రోజుకి ఇరవైసార్లు పాఠం ఆగడం తప్పింది. చింతబరికె మా పొయ్యిలోకి పోయింది.

కొన్నేళ్ళకి మదనపల్లె దగ్గర రిషివ్యాలీకి వెళ్ళే అవకాశం వచ్చింది. అక్కడ రామ, పద్మనాభరావు దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో అన్ని తరగతులూ నడిచే బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. గోడ మీద నేర్చుకోవాల్సిన మెట్లన్నీ ఒక నిచ్చెనలా ఉంటాయి. పిల్లలు తామెక్కడున్నారో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని, ఏ గుంపులో కూర్చోవాలో ఆ గుంపులోకి వెళ్ళి కూర్చుంటారు. ఒక గుంపుకి టీచరు సాయం పూర్తిగా ఉంటుంది, ఇంకో గుంపుకి కొంచెం, మరో గుంపులో పిల్లలే ఒకరికొకరు, ఇంకోచోట ఎవరిది వాళ్ళే. ఎవరూ ఎవర్నీ "కూర్చో, కదలకు" అనడం లేదు. గదిలో సందడి ఉంది, గోల లేదు. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కచోటే కూర్చుని చూశాను. మా ఊరి గదిలో క్యాలెండర్ అట్టలతో నేను తడుముకుంటూ చేసినదాన్ని ఇంత శ్రద్ధగా, ఇంత ఓపిగ్గా చేసినవాళ్ళు ఉన్నారని చూసి కళ్ళు చెమర్చాయి.

ఈలోగా డిగ్రీ, బీఈడీ, ఎంఈడీ చేసి, డిప్యుటేషన్ మీద ఒక డైట్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్ళాను. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడమే కాదు, మనసు నొప్పించేలా వేధించడం కూడా నిషేధం. మొదటి క్లాసులోనే ఒక అబ్బాయి లేచి, "కొట్టకూడదు, సరే మేడమ్. మరి ఏం చెయ్యాలి?" అన్నాడు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో పాతికేళ్ళ సర్వీసున్న మాస్టార్లు కూడా అదే అడిగేవాళ్ళు. న్యాయమైన ప్రశ్న. కర్ర తీసేసుకున్నాం, దాని బదులు వాళ్ళ చేతిలో ఏం పెట్టాం? ఒక సర్క్యులర్ పెట్టాం. నాకు ఇప్పటికీ ఆ విషయంలో బాధ ఉంది.

నా దగ్గరున్నవి పలకలు, చీటీలు, బొమ్మ. అవే చేయించాను. ఛాత్రోపాధ్యాయులు, అంటే ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు, మొదట నవ్వుకున్నారు, ఖాళీ గదిలో పుస్తకాలు పంచడమేంటని. మేం కూడా అప్పుడు నవ్వుకున్నాం. ఎంఈడీలో చదివిన ఒక పరిశోధన వాళ్ళకి చెప్పేదాన్ని. జేకబ్ కూనిన్ అని అమెరికన్ సైకాలజిస్టు. ఆయన క్లాసులో ఒక విద్యార్థి పేపరు చదువుకుంటుంటే కోప్పడ్డాడట. కోప్పడింది ఒకణ్ణి, బిగుసుకుపోయింది తరగతంతా. అదేంటా అని మొదలుపెట్టి ఏళ్ళ తరబడి తరగతుల్ని వీడియో తీసి చూశాడు. 1970లో ఫలితాలు పుస్తకంగా వేశాడు. గొడవ జరిగాక ఎలా మందలిస్తారన్న దాంట్లో మంచి టీచర్లకీ మిగతావాళ్ళకీ పెద్ద తేడా కనపడలేదు ఆయనకి. తేడా అంతా గొడవ రాకముందు చేసిన పనుల్లో ఉంది. గది నాలుగు మూలలా ఏం జరుగుతోందో తెలిసినట్టు ఉండటం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి కుదుపు లేకుండా తీసుకెళ్ళడం, పాఠం నడక తగ్గకుండా చూసుకోవడం. మా మేడమ్ ఆ పుస్తకం చదివారో లేదో నాకు తెలీదు. చదవకపోయినా ఆవిడకి అదంతా తెలుసు.

ప్రాక్టీస్‌కి వెళ్ళినప్పుడు నేనూ వెనక కూర్చుని గడి గీసి, చుక్కలు పెట్టి, నడిచిన దారి గీసేదాన్ని. ఆ కాగితం చేతికిస్తే ప్రతి ఒక్కరి ముఖమూ ఒకేలా మారేది. అందరి గీతా ఏదో ఒక పక్క ముద్దయ్యేది. అందరికీ ఒక మూల మిగిలిపోయేది. అమ్మాయిలు అమ్మాయిల వైపు, అబ్బాయిలు చేతులెత్తేవాళ్ళ వైపు. నన్ను "మరి ఏం చెయ్యాలి" అని అడిగిన ఆ అబ్బాయిది మాత్రం వేరే. వాడు గది అంతా తిరిగాడు, కానీ ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగలేదు. అడిగిందీ తనే, చెప్పిందీ తనే. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమన్నాను. మొదటిరోజు రెండు దాకా కూడా ఓర్చుకోలేకపోయాడు. మూడో రోజు ఓర్చుకున్నాడు. మూడు అనుకునేలోపు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. వాడు నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. ఇప్పుడు వాడు ఒక గిరిజన గ్రామంలో టీచరు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, ఇవాళ మా బళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, నేను కూడా" అంటాడు.

మేడమ్ రిటైరయ్యాక గుడివాడలోనే ఉండిపోయారు. పోయినేడాది వెళ్ళి చూసొచ్చాను. ఎనభై దాటాయి. మోకాళ్ళు సహకరించడం లేదు, మనిషి సన్నబడ్డారు, గొంతు మాత్రం అదే. కాఫీ తాగుతూ పాత కబుర్లన్నీ చెప్పుకున్నాం. పలకలు, చీటీలు, నా కొత్త బోర్డు. నేను తీసుకెళ్ళిన ఛాత్రోపాధ్యాయుల బొమ్మలు కొన్ని చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ శ్రద్ధగా చూశారు. "ఇదిగో, ఈ పిల్లకి కూడా నీలాగే కుడి చెయ్యి వాటం" అన్నారు ఒకదాని మీద వేలుపెట్టి.

కాసేపటికి, "ఆ మూల అయిదుగురు గుర్తున్నారా నీకు?" అన్నారు.

గుర్తున్నారన్నాను. నలుగురి పేర్లూ చెప్పాను, వరసగా, వాళ్ళు కూర్చున్న క్రమంలోనే. ఆగాను.

అయిదో పిల్ల పేరు ఆవిడ చెప్పారు. చంకలో ఉండే తమ్ముడి పేరుతో సహా.